నందిగామ క్యారేజీ పప్పు

పప్పులో కాలేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే గానీ, పప్పు పొయ్యి మీద వేయడం మాత్రం రిటైరయ్యాకే మొదలుపెట్టాను. మా ఆవిడ సుభద్రకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరం పోతూ పోతూ ఆకలిని కూడా వెంట తీసుకుపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరమే కాబట్టి ఆమె మంచం మీద నుంచి చెబుతుంటే నేను పొయ్యి దగ్గర నిలబడి మాడ్చేవాణ్ణి. నెల తిరిగేసరికి మూడు గిన్నెలు నల్లబడ్డాయి, ఆమె తెల్లబడింది. వంట నాకు ఒంటబట్టలేదు, నా వంట ఆమె ఒంటికి పట్టలేదు. తిండి ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సిందేనని డాక్టరు గారు నాతో విడిగా చెప్పారు.

ఆ సాయంత్రం అన్నం కెలికి పక్కన పెడుతూ, “నందిగామ క్యారేజీ పప్పయితే రెండు ముద్దలు తినేదాన్నేమో” అంది సుభద్ర. ఆమె నోట తిండి మాట రావడం నెల రోజుల్లో అదే మొదలు.

ముప్పై ఏళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, నేను నందిగామలో బ్యాంకు గుమస్తాను. గ్యాస్ కనెక్షన్‌కు పేరు రాయించి ఎదురుచూసే రోజులవి. మాకున్న ఒక్క గదిలో టీ పెట్టుకోవడానికి ఒక కిరసనాయిలు స్టవ్వు ఉండేది. మధ్యాహ్నం భోజనం మాత్రం మీరాబీ గారి మెస్సు నుంచి రెండు గిన్నెల క్యారేజీలో నేనే తెచ్చేవాణ్ణి. పై గిన్నెలో అన్నం, కింది గిన్నెలో దోసకాయ పప్పు. ఎనిమిది నెలలు అలా గడిచాక గ్యాస్ వచ్చింది, క్యారేజీ అటకెక్కింది.

మర్నాడే అటక మీది క్యారేజీ దింపి, తోమి, సంచిలో పెట్టుకున్నాను. పై వాటాలో ఉండే టీచరమ్మకు సుభద్రను చూస్తూ ఉండమని చెప్పి బయల్దేరాను. ఏడుంపావుకు బెజవాడ బస్టాండులో జగ్గయ్యపేట పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు ఉచితం కావడంతో బస్సు నిండా వాళ్లే.

“మాకు టికెట్ లేదు, మీకు సీటు లేదు. చెల్లుకి చెల్లండి” అంది పూలబుట్టతో కూర్చున్న ఒకావిడ. అన్నదే గానీ ఇబ్రహీంపట్నం దాటాక బుట్ట ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. నా సంచి వైపు చూసి, “క్యారేజీ ఎవరికండి, ఆసుపత్రికా?” అని అడిగింది.

“ఖాళీదేనమ్మా. పప్పు వండడం నేర్చుకోడానికి వెళ్తున్నా.”

ఆవిడ నన్ను కిందా మీదా చూసింది. “మా ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఆయనకి మంచినీళ్లు ముంచుకోడం కాణ్ణుంచి నేర్పాలి.”

కీసరలో ఆవిడ దిగిపోయింది. మునేరు వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఎండలో నీళ్లు పలచగా మెరుస్తున్నాయి. పెళ్లయ్యాక మొదటిసారి నందిగామ వస్తూ సుభద్ర ఈ వంతెన మీదే, “మీకు వంటొచ్చా?” అని అడిగింది. “వస్తే పెళ్లెందుకు చేసుకుంటాను?” అన్నాను. అప్పుడు అది హాస్యమనుకున్నాను. ఇప్పుడు దాని మీదే పరీక్ష రాస్తున్నాను.

ఎనిమిదిన్నరకు నందిగామలో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, పాత వీధికి నడిచాను. మెస్సు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. ఎదురుగా టైలరు మాత్రం అదే మిషను ముందు కూర్చుని ఉన్నాడు, కళ్లద్దాలు మరికాస్త మందమయ్యాయి.

“మీరాబీనా? మెస్సు మూసేసి ఆరేళ్లయిందండి. పేటలో వాళ్ల చెల్లెలింటి పక్కన ఉంటంది” అని, సుద్దముక్కతో గుడ్డపీలిక మీద గుర్తులు గీసి ఇచ్చాడు. జగ్గయ్యపేటను ఇక్కడంతా పేట అనే అంటారు.

పక్క సందులో మేముండిన మేడగది ఇంకా ఉంది. ఆ మెట్ల పైన నిలబడి సుభద్ర నా చేతిలోంచి క్యారేజీ అందుకునేది. కింది గిన్నె మూత తీసి, వాసన చూసి, “ఇవాళా ఆలస్యంగానే వెళ్లారన్నమాట” అనేది. ఆకలి మీద విసుక్కుంటోందనుకుని, “రేపు తొందరగా వెళ్తాలే” అనేవాణ్ణి. కౌంటరు మూసి నేను బయటపడేసరికి రోజూ రెండు దాటేది. ఎనిమిది నెలల్లో ఆ రేపు ఒక్కనాడూ రాలేదు.

పదింటికి ఇంకో బస్సు. సిమెంటు లారీల వెనక మెల్లగా పోయి, చిల్లకల్లు దగ్గర హైవే వదిలి, పదకొండు కాకముందే పేటలో దింపింది. గుడ్డపీలిక చూపిస్తే ఆటో అతను నవ్వుకుంటూ గుమ్మం దాకా తీసుకెళ్లాడు.

మీరాబీ గారికి డెబ్బై దాటి ఉంటాయి. నన్ను గుర్తుపట్టలేదు గానీ క్యారేజీని గుర్తుపట్టారు. “ఈ సొట్ట నాకు తెలుసు. మా గడప మీదే పడింది. బ్యాంకు సార్ కదూ మీరు? అమ్మగారు ఎట్టున్నారు?”

సంగతి చెప్పాను. ఆవిడ లేచి దోసకాయ తెచ్చారు. “ముందు ముక్క కొరికి చూడండి, చేదుంటే పప్పంతా చేదే. ఇద్దరికి ఈ చిన్న టీగ్లాసుడు కందిపప్పు చాలు. కుక్కర్ ఒద్దు, మందపాటి గిన్నెలో నిదానంగా ఉడకనీండి.”

“అరవై మందికి వండిన చెయ్యి మీది. ఈ టీగ్లాసు కొలత ఎప్పుడు పట్టుబడింది?”

“అరవై మందికి వండడం తేలిక సార్. ఉప్పెక్కువైతే అరవై మందీ పంచుకుంటారు. ఒక్కదానికి వండితే అంతా నేనే తినాలిగా. మెస్సు మూసిన కొత్తల్లో నాకోసం వండుకుంటే వీధంతా సరిపోయేది. మా చెల్లి పిల్లలు నా చేతిలో గిన్నె చూసి తలుపులేసుకునేవాళ్లు. ఈ గ్లాసు దగ్గరికి దిగడానికి ఏడాది పట్టింది నాకు.”

పప్పు మెత్తబడ్డాక దోసకాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు వేయించారు నాచేత. ముక్క ఉడికాక చింతపండు పులుసు, ఉప్పు, కారం వేశాం. చివర జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టాం. అన్నంలో కలుపుకుని తిన్నాను. చాలా బాగుంది. కానీ అది మా పప్పు కాదు.

మొహమాటపడుతూనే ఆ మాట చెప్పాను. మీరాబీ గారు కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు.

“కాదు సార్. మీకు పోసింది ఇది కాదు. మీరు రోజూ అందరికన్నా ఆఖర్న వచ్చేవాళ్లు. అప్పటికి డేగిసాలో అడుగంటిన పప్పే మిగిలేది. లేదంటానికి నోరొచ్చేది కాదు, కొత్తగా పెళ్లయిన పిల్ల ఇంటికాడ ఆకలితో ఉంటది. వేడినీళ్లు పోసి కదిలించి, మాడువాసన తెలవకుండా ఎల్లుల్లిపాయలు దండిగా వేసి మళ్లీ పోపెట్టి ఇచ్చేదాన్ని. డబ్బులు తీసుకుని ఎనిమిది నెలలు అడుగు పప్పు పోసా. ఇన్నేళ్లూ అది నాలో ఉండిపోయింది.”

మెట్ల పైన సుభద్ర మూత తీసి వాసన చూడటం కళ్లముందు ఆడింది. నా ఆలస్యం ఆమెకు ఆ వాసనలోనే తెలిసేది, విసుక్కున్నది ఆకలితో కాదు. విసుక్కోనే లేదేమో.

“మీరాబీ గారూ, మా ఆవిడ అడిగింది ఆ అడుగు పప్పునే. అది వండటం నేర్పండి. మాడ్చడంలో నాకు నెల రోజుల అనుభవం ఉంది.”

ఆవిడ చాలాసేపు నవ్వారు. కొంగు కళ్ల దాకా వెళ్లింది. తర్వాత ఇంకో టీగ్లాసుడు పప్పు కొలిచి నా చేతికిచ్చి, తను పీట మీద కూర్చున్నారు.

ఈసారి పోపు పెట్టే ముందు ఆగి, పప్పు దగ్గరపడేదాకా గరిటె ముట్టుకోలేదు. మాడువాసన మొదలవగానే నేను అలవాటు కొద్దీ ఫోను చూడబోతే, “ఇప్పుడు, ఇప్పుడు కట్టేయండి. ఇంకో నిమిషమైతే పప్పు కాదు, బొగ్గు” అన్నారు. మాడ్చడంలోనూ ఒక హద్దుంటుందని, నేను నెలరోజులుగా దాటుతున్నది దాన్నేనని అప్పుడు తెలిసింది. అడుగు గీకకుండా అర గ్లాసు వేడినీళ్లు పోసి, మూతపెట్టి కాసేపు ఆగి, మెల్లగా కదిపాను. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి పోపు పెట్టాను. మూత తీసేసరికి ముప్పై ఏళ్ల కిందటి మధ్యాహ్నం రెండుంపావు అయింది.

క్యారేజీ కింది గిన్నెలో పప్పు, పై గిన్నెలో మీరాబీ గారు వండిన అన్నం. “అమ్మగారికి చెప్పండి, ఈసారి కావాలనే మాడ్చామని” అన్నారు గుమ్మంలో.

మూడింటికి బస్సెక్కాను. ఈసారి సీటు దొరికింది, క్యారేజీ ఒళ్లో పెట్టుకున్నాను. నందిగామ దాటాక కండక్టరు ముక్కు ఎగబీల్చి, “డ్రైవరన్నా, క్లచ్చేమన్నా మాడతందా?” అని అరిచాడు.

“క్లచ్చు కాదయ్యా, పప్పు” అన్నాను. బస్సంతా నా వైపు తిరిగి చూసింది. జీవితంలో మొదటిసారి మాడిన వంటను గర్వంగా పట్టుకుని కూర్చున్నాను.

ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే పొద్దున్నే బయల్దేరండి, సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. దారి ఏమంత చూడదగ్గది కాదు. కానీ మనం ఎవరి గడప దగ్గర ఆఖర్న నిలబడ్డామో, వాళ్లు మనకోసం గిన్నె అడుగున ఏం దాచారో అడిగి రావడానికి ఒక రోజు ఖర్చు పెట్టొచ్చు.

ఆరింటికి ఇల్లు చేరాను. సుభద్ర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండా క్యారేజీ ఆమె ముందు పెట్టాను. సొట్ట మీద వేలితో రాసింది. కింది గిన్నె మూత తీసి, వంగి వాసన చూసింది.

“ఇవాళా ఆలస్యంగానే వెళ్లారన్నమాట” అంది.

కంచం ముందుకు లాక్కుంది.