గొలుసులు కట్టిన పుస్తకాల అల్మారా

చదువు లేనందువల్ల నాకెప్పుడూ పెద్ద నష్టం జరగలేదు. ఉన్నట్టు నటించినందుకు మాత్రం జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక మధ్యాహ్నం ఇల్లు, ఇల్లాలు రెండూ ఒకేసారి చేజారబోయాయి. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఆ పూట నేను మాత్రం నవ్వలేదు.

అవి కరోనా రోజులు. నేను వంట చేసే రెస్టారెంటు మూతపడింది. నా భార్య స్వప్న ఇంటి నుంచే ఆఫీసు పని చేసేది. ఇల్లంటే ఒక్కటే గది. ఆమె మీటింగులో ఉంటే నేను తాలింపు కూడా గుసగుసగా వేసుకోవాలి. పైగా ఆమెకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డను పడుకోబెట్టాలంటే వాషింగ్ మెషిన్ మీద తప్ప చోటు లేదు. ఎన్ని ఇళ్లకు రాసినా జవాబు రాలేదు. చివరికి ఒక పాత భవనంలో రెండు గదుల ఇల్లున్న ఫ్రావ్ క్రౌజె అనే ఆవిడ వీడియో కాల్‌కు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ ఇచ్చింది. రిటైరైన సాహిత్యం టీచరట.

ఆ మాట వినగానే మా స్నేహితుడు కిరణ్ ఫోన్‌లోనే నాకు గురువైపోయాడు. గుంటూరు వాడు, ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు.

"అన్నా, టీచరంటే పుస్తకాల పిచ్చి ఉంటది. నీకూ ఉందని చెప్పు, ఇల్లు నీదే."

"పదో తరగతి గేటు కాడనే ఆగిపోయినోణ్ణిరా నేను!"

"అందుకే తేలిగ్గా చెప్తా, ఇను. మధ్యయుగాల్లో రాతంతా చర్చి చుట్టూనే. తర్వాత అచ్చుయంత్రం వచ్చి పుస్తకం ఇంటింటికీ చేరింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల యుద్ధం. ఊళ్లన్నీ శ్మశానాలైతే, బరోక్ కవులు బతుకంతా నీటిబుడగేనని ఏడ్చారు."

"లాక్‌డౌన్‌ల మా ఓనర్ ఏడ్చినట్టు."

"అదే! ఆపైన ప్రతిదానికీ కారణం అడిగే జ్ఞానోదయ కాలం. అది మరీ పొడిపొడిగా ఉందని రొమాంటిక్ కవులు అడవి, వెన్నెల, పాడుబడ్డ కోటలంటూ కలలు కన్నారు."

"వాళ్లకు కిరాయి ఇల్లు దేవులాడే పని లేదన్నట్టు."

మంచం మీద పని చేసుకుంటున్న స్వప్న తలెత్తింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పరాదూ? గీ నాటకాలెందుకు?"

"నువ్వు నీ మీటింగు చూస్కో. సాహిత్యం నాకిడిసిపెట్టు."

నా వెనక గోడకు కట్టిన తీగ మీద బట్టలు ఆరుతున్నాయి. అవి కనబడకుండా నెట్‌లో ఒక పాత గ్రంథాలయం బొమ్మ వెతికి, వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టాను. తోలు అట్టలు, బంగారు అంచులు. కల్యాణ మండపంలో స్టేజీ డెకరేషన్ కూడా అంత ఘనంగా ఉండదు.

ఫ్రావ్ క్రౌజె తెర మీదకు వచ్చింది. తెల్ల జుట్టు, ముక్కు కొసన కళ్లద్దాలు. నా వెనకున్నది చూడగానే ఆమె ముఖం వాడిపోయింది. అది గౌరవమనుకున్నాను, చూడండి నా తెలివి!

"అవన్నీ మీ పుస్తకాలేనా?"

వంటింట్లో నేర్చిన జర్మన్‌లో ధీమాగా చెప్పాను. "ఇవి సగమే మేడమ్. మిగతావి మంచం కింద ఉన్నాయి."

"ఇంకా కొంటారా?"

"నెలనెలా కొంటాను!"

ఆమె నిట్టూర్చింది. "మీకు ఏ కాలం సాహిత్యం ఇష్టం?"

"రొమాంటిక్! ఈ అల్మారా నిండా అదే. అడవి, వెన్నెల, కోట."

"మరి వాటికి ఇనుప గొలుసులెందుకు?"

వెనక్కి తిరిగి చూశాను. అక్కడేముంటుంది, ఆరేసిన బట్టలు తప్ప! తెర మీద చూస్తే నిజమే, ఒక్కో పుస్తకానికీ ఒక్కో గొలుసు. కుక్కకు కట్టేంత గొలుసు.

"చుట్టాలు తీసుకెళ్లి తిరిగివ్వరు మేడమ్," అన్నాను.

"మధ్యయుగాల్లో అలాగే కట్టేవారు," అందామె, మళ్లీ క్లాసులోకి వెళ్లిపోయినట్టుగా. "దూడల చర్మం మీద నెలల తరబడి చేత్తో రాసిన పుస్తకం మరి, దొంగల భయం ఉండదా? అచ్చు వచ్చి చవకయ్యాక, మెల్లగా ఆ గొలుసులు పోయాయి. మీ రొమాంటిక్ కవులు ఆ తర్వాతెప్పుడో పుట్టారు. ఏదీ, ఒక పుస్తకం తీసి చూపించండి."

చెయ్యి వెనక్కి చాచాను. మోచేతి దాకా అల్మారాలోకి మాయమైంది. చేతికి తగిలింది పట్టుకుని లాగితే, తోలు అట్టల మధ్య నుంచి నా గళ్ల లుంగీ ఊడిపడింది.

ఫ్రావ్ క్రౌజె కళ్లద్దాలు సర్దుకుంది. "ఇది ఏ శతాబ్దానిది?"

ఇక స్వప్న ఆగలేదు. లేచి వచ్చింది. ముందు పై అరలోంచి తల, తర్వాత కింది అరలోంచి పొట్ట బయటికొచ్చాయి. "మేడమ్, మా ఇంట్లో ఒక్క పుస్తకం కూడా లేదు. ఈయన పదో తరగతి పూర్తి చెయ్యలేదు. మాకు బిడ్డ పుట్టబోతోంది, అందుకే ఇల్లు కావాలి," అని జర్మన్‌లో చెప్పి, నావైపు తిరిగింది. "వాయె, దొరికే ఒక్క ఇల్లూ వాయె. ఇగ పండవెట్టు బిడ్డను మెషిన్ మీద!"

తల ఎత్తలేకపోయాను. లుంగీ మడత పెడుతూ కూర్చున్నాను.

"ఒక్క పుస్తకం కూడా లేదా? నిజంగా?" అంది ఫ్రావ్ క్రౌజె. ఆ గొంతులో కోపం లేదు, ఆశ ఉంది.

ఆమె ల్యాప్‌టాప్ ఎత్తుకుని ఖాళీ హాల్లోకి నడిచి, కెమెరా కిందికి వంచింది. చెక్క నేల మధ్యలో పళ్లెంలా కుంగి ఉంది. "ఇంతకుముందు ఇక్కడున్నది ఒక ప్రొఫెసర్. ఆయన పుస్తకాల బరువుకు ఇలా అయింది. కింది వాళ్ల సీలింగ్ కూడా పగిలింది. దీన్ని బాగు చేయించి, పుస్తకాలు లేని మనుషులకే ఇద్దామని చూస్తున్నాను. నేను టీచర్నని తెలిసి, వచ్చినవాళ్లంతా అల్మారా ముందు కూర్చునే మాట్లాడుతున్నారు! ఇల్లు మీకే ఇస్తాను. ఆ బొమ్మ తీసెయ్యండి, కళ్లు లాగుతున్నాయి."

ఆ సాయంత్రమే స్వప్న ఎదుట కుడి చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు ఏ శతాబ్దం గురించి అడిగినా, "అప్పటికి నేనింకా పుట్టలేదు మేడమ్" అని తప్ప మరో ముక్క మాట్లాడను.