నాన్న రాయి, నా మొదటి రంపం

నాన్న గూడూరు దగ్గర అభ్రకం గనుల్లో పనిచేసేవారు. గని బయట కుప్పల్లో దొరికిన లేతపచ్చ రాయి ఒకటి బియ్యం డబ్బాలో దాచి, పోయేముందు "మీ ఇద్దరిదీ" అన్నారు. కోడిగుడ్డంత ఉంటుంది. ఎవరికైనా ఇచ్చి కోయిస్తే అదే రాయి తిరిగొస్తుందన్న నమ్మకం నాకూ లేదు, చెల్లెలికీ లేదు. అందుకని రంపం నేనే కొనాలనుకున్నాను. బడికి పోకుండా అమ్మ దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఈ పనీ ఇంట్లోనే, ఫోనులో చూసి నేర్చుకున్నాను.

రత్నాలు కోసే యంత్రాల ధరలు చూస్తే గుండె జారింది. వెతగ్గా వెతగ్గా టైల్స్ కోసే చిన్న బల్ల రంపం, అడుగున నీళ్ళ తొట్టి ఉన్నది, పాతదే దొరికింది. మిగిలిన డబ్బు, అంచులో వజ్రప్పొడి కూర్చిన బ్లేడు మీద పెట్టాను. అంగట్లో ముందు చవకది చూపించారు. దాని అంచుకు మధ్యమధ్య చీలికలున్నాయి. బండలకు సరే గానీ, చిన్న రాయికి పెచ్చులు లేపుతుంది. అంచు ఎక్కడా తెగకుండా పల్చగా ఉన్నదే తీసుకున్నాను.

వారం పాటు పలుగురాళ్ళ మీద చేయి అలవాటు చేసుకుని, ప్రార్థన చేసుకుని నాన్న రాయి పట్టుకున్నాను. సగం దాకా బాగానే తెగింది. తర్వాత బ్లేడు తిరుగుతోంది గానీ కోయడం లేదు. కాస్త నొక్కితే రాయి కీచుమంది. ఇంకాస్త నొక్కితే పగిలేదే. ఆపేశాను. బ్లేడు అరిగిపోయింది, ఇంకోటి కొనే స్తోమత లేదు, చెల్లెలికి ఏం చెప్పను?

మా ప్రార్థన మందిరంలో బండలు పరుస్తున్న మేస్త్రి దగ్గరకు బ్లేడు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. ఆయన అంచు వేలితో తడిమి నవ్వాడు.

"ఏందక్కా, కొత్త బ్లేడుకే సమాధి కట్టేటట్టున్నావే?"

"అరిగిపోయిందన్నా. కోయడంలా."

"యాడ అరిగింది? పలుగురాళ్ళు కోసి కోసి అంచు నున్నగయిపోయింది. వజ్రప్పొడి లోపలే ఉండాది, బయటికి రావాల. ఎర్ర ఇటుక ఉందా ఇంట్లో? నీళ్ళు పెట్టి దాన్ని నాలుగు కోతలు కొయ్యి."

"ఇటుకనా? ఉన్నది కూడా పోదా?"

"నేను చేసే పనేనక్కా. పోతే నా బ్లేడిస్తాలే, ఏడవబాక."

ఇంటికొచ్చి ఇటుక కోశాను. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. రంపం ఆపి తడిమితే అంచుకు సన్నటి గరుకు తగిలింది. నీళ్ళు మార్చి, రాయిని పాత కోతలోనే ఆనించాను. ఈసారి నొక్కనక్కర్లేకపోయింది. దానంతట అదే ముందుకు పోయి, ఎక్కడా పెచ్చు లేవకుండా, రెండు ముక్కలై నా రెండు చేతుల్లోకి వచ్చింది. అక్కడే కూర్చుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ మేస్త్రి చేతులు చల్లగా ఉండాలని కూడా అడిగాను.

చెల్లెలికి ఫోను చేశాను.

"పగలగొట్టినావా?" అంది ముందే.

"లేదే. వచ్చి నీ సగం తీసుకో."

"పెద్దది నువ్వు ఉంచుకోనుంటావు, నాకు తెలీదా!"

ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చింది. రెండు ముక్కలూ వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, చిన్నది తీసుకుంది.