మూలకణాల సూది వద్దన్న సారు

మొన్న మంగళారం పొద్దుగాల పాలు పోసేటాయిన చెప్పిండు, మా వాడ సైన్సు సారు పోయిండని. గిన్నె పట్టుకొని అట్లనే నిలవడ్డ. పాలు పోపిచ్చుకునుడు యాది లేదు.

నాకు సదువు రాదు. నేను చెప్తుంటె నా చిన్నబిడ్డ రాస్తున్నది. దానికి కండరాలు కరిగిపోయే బీమారి. కాళ్లు ఎప్పుడో పోయినయ్. చెయ్యి పైకి లేవది. మోచెయ్యి బల్లకు ఆనిస్తె మాత్రం రాస్తది.

సారుతోని నా కొట్లాట గా బీమారి కాడనే మొదలైంది. పట్నంల ఒక దవఖానోళ్లు మూలకణాల సూదులేస్తమన్నరు. గా కణాలు ఒంట్లకు పోతె కొత్త కండ పుడ్తదట, పిల్ల లేచి నడుస్తదట. ఇనంగనే ఆళ్ల కాయితం మీద ఏలుముద్ర ఏసొచ్చిన. ఎవ్వలతోని సదివియ్యలే. తెల్లారి సారు ఆ కాయితం సదివి, అద్దాలు తుడుసుకొని మల్ల సదివిండు.

"అక్కా, ఇండ్ల పరిశోధన అని రాసిండ్రు. పరిశోధనయితే రోగి దగ్గర పైసలు తీసుకోవద్దు. మందయితే పనిచేస్తదని రుజువు చూపాలె. ఈళ్లు పైసలడుగుతున్నరు, రుజువు చూపుతలేరు."

"నీ బిడ్డయితే గిట్లనే అంటవా?"

"నా బిడ్డయితే గింత నిమ్మళంగ చెప్పకపోదును."

సూదికి పోలే గని, నెల దినాలు ఆయినతోని మాట్లాడలే. ఎదురైతె మొఖం తిప్పుకొని పోయిన. ఆయిన మాత్రం రోజు మా గేటు కాడ ఆగి, "పిల్ల తిన్నదా?" అని అడిగేటోడు. జవాబు రాకున్నా అడిగేటోడు. ఆఖరికి బస్టాండుల హుజూరాబాద్ ఆమె ఒకామె కలిసింది. గవే సూదులు కొడుక్కు ఏపిచ్చిందట. నడక రాలే, ఉన్న పానం సగమైందని ఏడ్సింది. అక్కడికెల్లి సీద సారింటికి పోయిన. "నేను చెప్పలేదా" అని ఒక్క మాటనలే. కుర్సీ జరిపి, "ముందు చాయ తాగు" అన్నడు.

మూలకణాల పేరెత్తే దవఖానలన్ని మూయియ్యాలని దరఖాస్తు రాయమన్న. ఒప్పుకోలే. "సూదులమ్మేటోనికి తాళమెయ్యమందాం అక్కా, పరిశోధన సదువుకు కాదు. అసలు మందు దొరికితె గా సదువులనే దొరుకుతది." అమ్మేటోళ్లను ఆపుర్రి, సర్కారు దవఖానల పరిశోధనకు పైసలియ్యిర్రి అని రాసిండు. ఇద్దరం లీడరు కాడికి పోయినం. లీడరు మనిషి ఒకడు కాయితం చూసి, "గీ బీమారున్నోళ్లు మన దిక్కు ఎందరుంటరమ్మా?" అన్నడు.

"ఓట్ల నాడు కుర్సీల ఏసి మోసుకపోతరు గద బిడ్డా, అప్పుడు లెక్కవెట్టలేదా?" అన్న. సారు దగ్గినట్టు చేసి నవ్విండు.

జవాబు ఇప్పటిదాక రాలే. సారు లేడని నేను విడువ. మీరు సదువుకున్నోళ్లు, మీరూ అడుగుర్రి.

ఏడాది కింద సారుకే వణుకు బీమారి వట్టింది. మొదలు చేతులు, తర్వాత తలకాయ. సూదులోళ్లు ఆయినింటికీ వచ్చిండ్రు. నాకు పానం ఆగలే. "సారూ, నువ్వన్న ఏపిచ్చుకో, ఏమో, గుణమైతదేమో" అన్న. గింతైనంక గూడ అన్న.

"నేనే ఏపిచ్చుకుంటె పిల్ల మొఖం ఎట్ల చూడాలె అక్కా?" అన్నడు.

సారు పోయేటందుకు రెండొద్దుల ముంగట, ఐతారం నాడు, బిడ్డను చక్రాల కుర్సీల సారింటికి తీస్కపోయిన. తానే జావ తాగిపిస్తనన్నది. చెంచ నింపింది గని, చెయ్యి ఆయిన నోటి దాక లేవలే. సారు గా వణికే తలకాయను చిన్నగ వంచుకుంట వంచుకుంట, చెంచ ఉన్నకాడికి తెచ్చుకొని తాగిండు.