ఆధార్‌లో దేవి, పేన్ కార్డులో అమ్మ

"వెయ్యి రూపాయలు కట్టేత్తే అయిపోద్ది నానమ్మా! ఏక్ హజార్! దానికి నెల్లాళ్ల బట్టీ తగువా?"

"కట్టేత్తే అయిపోద్దని నీకెవుడు సెప్పాడు? ముందు కట్టమంతారు, తరవాత పేరు కలవలేదంతారు. అప్పుడేటి సేత్తావు?"

"మై భర్ దూంగీ, బస్! నేనే కడతాను."

"నీ డబ్బు నాకెందుకే? నీ డబ్బే తీసుకునేదాన్నైతే ఈ గొడవంతా నాకెందుకు?"

ఆదివారం సాయంత్రం, భుయ్యాడీహ్‌లో మా ముందు గదిలో, పకోడీల పళ్లెం మధ్యలో పెట్టుకుని ఇలా అరుచుకున్నాం. అది నా కొడుకు కూతురు. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఏదో చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది. కోపం మరీ ఎక్కువైతే తెలుగులోకి దిగుతుంది. ఆ వేళ బాగానే దిగింది.

తగువంతా నా పేన్ కార్డు గురించి. ఆధార్‌తో జత చెయ్యని పేన్ నంబర్లన్నీ పన్నుల వాళ్లు ఆపేశారు. అందులో నాదీ ఆగిపోయింది. మళ్లీ లేవాలంటే వెయ్యి రూపాయలు జరిమానా కట్టి జత చెయ్యాలి. నిజానికి పన్ను కట్టేంత రాబడి నాకు ఏ కాలంలోనూ లేదు. మా ఆయన కంపెనీలో రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో కొంత నా పేర బేంకులో ఫిక్సుడు వేశాడు. ఆయన పోయాక నా మందులు, నా కాఫీ పొడి, ఏడాదికి రెండు చీరలు, అన్నీ ఆ వడ్డీ మీదే. కొడుకు మంచివాడే, అడిగితే ఇస్తాడు. ఆ అడగడమే నాకు చేత కాదు.

ఏటేటా ఏప్రిల్లో బేంకుకి వెళ్లి, నాకు పన్ను లేదు అని ఒక కాగితం మీద సంతకం పెట్టి వస్తే వాళ్లు వడ్డీ జోలికి వచ్చేవారు కాదు. ఈ ఏడు ఆ కాగితం తీసుకోలేదు. "మాతాజీ, ఆప్‌కా పేన్ బంద్ హై," అన్నాడు కౌంటర్లో కుర్రాడు, ఇంట్లో ఫ్యాను చెడిపోయిందన్నంత తేలిగ్గా. జూన్ వడ్డీలో ఐదో వంతు కోసి మిగిలింది వేశారు. సెప్టెంబరు వడ్డీ పడేలోగా నంబరు లేవకపోతే మళ్లీ కోత. ఆ తరవాత మూడు నెలలకి మళ్లీ. అలా కోసుకుంటూ పోతే, ఏదో ఒక నెల మందుల చీటీ పట్టుకుని కొడుకు గుమ్మం దగ్గర నిలబడాలి నేను.

సరే, జత చేద్దామని మనవరాలు కూర్చుంటే పేర్లు కలవలేదు. పేన్ కార్డులో మా ఇంటి పేరు, దాని తరవాత నా పేరు, చివర అమ్మ. ఆధార్‌లో ఇంటి పేరే లేదు. నా పేరుకున్న అమ్మని కోసేసి దేవి అతికించారు.

ఈ హిందీ వాళ్ల ఊళ్లో పెళ్లయిన ఆడదాని పేరు చివర దేవి పెట్టేయడం అలవాటు. ఆధార్ కొత్తల్లో అగ్రికో బడిలో కేంపు పెట్టినప్పుడు వెళ్లాను. మిషను ముందు కూర్చున్నవాడు నా పేరు అడిగాడు, చెప్పాను. ఇంత పొడుగేమిటన్నట్టు చూసి, తనకి నచ్చిన కాడికి కొట్టుకున్నాడు. ఆ రోజు ఆ కుర్చీలోంచి లేచిన ఆడవాళ్లమంతా దేవీలమే. దసరా ఇంకా ఆరు నెలలుండగానే అగ్రికోలో అంతమంది దేవీలు వెలిశారు.

"ఇందులో కష్టమేటి?" అంది మనవరాలు. "పేన్‌లో కూడా దేవి అని మార్చేద్దాం. ఇంట్లో కూచునే అయిపోద్ది, నాకు సెలవు పెట్టే పని కూడా లేదు. ఘర్ బైఠే!"

"అప్పుడు బేంకు బుక్కులో అమ్మ ఉంటాది కదా. దాన్నీ మారుత్తావా? తరవాత నా రేషను కార్డు? ఒక్క తప్పు దిద్దడానికి మూడు తప్పులు సేత్తానంతావేటే?"

వాదన నెగ్గనప్పుడు అది ఎదుటివాళ్ల తప్పు వెతుకుతుంది, అచ్చం వాళ్ల తాతలాగే.

"అయినా నానమ్మా, ఆధార్ వచ్చిన రోజే ఎందుకు మార్పించలేదు? ఇన్నేళ్లు నీకు తెలీదా?"

"నాకేటి తెలుసు, నేనేమన్నా ఇంగిలీసు సదివానా?" అన్నాను. ఇన్నాళ్లూ ఇంట్లో అందరికీ ఇదే చెప్పాను. మా ఊళ్లో మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది, అదీ తెలుగులో. కాబట్టి అందరూ నమ్మేవారు. ఆ వేళ కోపంలో ఇంకో మాట కూడా జారింది. "ఆ రోజే పక్కింటావిడ సదివి సెప్పింది గానీ, మళ్లీ అంత దూరం ఆటో దండగని..."

మనవరాలి చేతిలో పకోడీ అలాగే ఆగిపోయింది.

"మాలూమ్ థా! నీకు తెలుసు! పది రూపాయల ఆటో కోసమా?"

"రానూ పోనూ ఇరవై," అన్నాను. లెక్క లెక్కే కదా.

అది నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఇరవై రూపాయలు దాచి వెయ్యి రూపాయలకి తెచ్చిన మనిషిని బేంకు వాళ్లు మేనేజరుగా పెట్టుకోవాలంది. దేవి అంటే అమ్మవారే కదా, పోనీలే అని అప్పుడు సరిపెట్టుకున్నానని నేను చెప్పబోతే ఇంకా నవ్వింది. నవ్వనీ. తప్పు నాదైనప్పుడు ఎదుటివాళ్ల నవ్వుకి అడ్డుపడకూడదు.

నవ్వు ఆగాక నెమ్మదిగా అడిగింది. "సచ్ బోలో నానమ్మా. దేవి అయితే నీకేటి నష్టం?"

కోపంగా జవాబు చెప్పబోతుంటే మా ఆయన గుర్తొచ్చాడు. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. మా వాళ్లలో ఆ అలవాటు లేదు. ఏయ్, ఇదిగో, ఇలా రా, అంతే. పక్క క్వార్టర్ల వాళ్లు నా పేరే ఇదిగో అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఫిక్సుడు వెయ్యడానికి పేన్ కావాలన్నారని ఫారం తెచ్చి, ఇదే బల్ల మీద పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని నన్ను అడిగాడు. "నీ పేరు మొత్తం ఏటి?"

నలభై ఏళ్లు కాపురం చేసి పెళ్లాం పేరు పెళ్లాన్నే అడిగిన మహానుభావుడు! తిడదామనుకుంటూనే చెప్పాను. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, గీత దాటకుండా రాసుకుంటూ పోయాడు. ఆఖరి అక్షరం అయ్యాక పెన్ను మూత పెట్టి, "బాగుంది," అన్నాడు. పేరు బాగుందన్నాడో, తన రాత బాగుందన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన చేత్తో నా పేరు రాయడం ఆ ఒక్కసారే చూశాను.

ఇదంతా మనవరాలికి చెప్పలేదు. "మీ తాత రాసిన పేరే అది. నేను మార్చను," అని మాత్రం అన్నాను. అది ఫోనులో ఏదో వెతికి అంది. "అయితే ఆధార్‌లోనే మార్చాలి. దానికి ఈ పేరుతో ఇంకో ప్రూఫ్ కావాలి. ఎక్కడుంది నీకు?"

లేచి వెళ్లి, బీరువా అడుగున బిస్కట్ల డబ్బాలోంచి ఓటరు కార్డు తెచ్చి దాని ముందు పెట్టాను. ఇంటి పేరు, నా పేరు, అమ్మ, అన్నీ దాని మీద ఉన్నాయని మా ఆయనే అప్పట్లో చదివి వినిపించాడు. మనవరాలు ఓసారి చదివింది, మళ్లీ చదివింది.

"నానమ్మా! ఇదుందని నెల రోజుల బట్టీ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావేటి? కంప్యూటర్ని అడిగావు, నీ ఆఫీసులో వాళ్లని అడిగావు. నన్నెప్పుడు అడిగావు?"

మిగిలిన పకోడీలన్నీ అదే తినేసింది. జరిమానా అనుకున్నాను.

మర్నాడు అది అరపూట సెలవు పెట్టింది. సన్నగా ముసురు పడుతుంటే స్కూటీ వెనక కూర్చుని అగ్రికోలో ఆధార్ సెంటరుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి ఓటరు కార్డు చూసి, "ఇత్నా లంబా నామ్?" అంది. అంతే పొడుగు, అంతా కొట్టమన్నాను. నా బొటనవేలు మిషనుకి మూడుసార్లు ఆనలేదు. కొంగుతో తుడిచి పెడితే నాలుగోసారి ఆనింది. తెర మా వైపు తిప్పాక మనవరాలి చేత ఒక్కో అక్షరం చదివించుకున్నాను. దేవి లేదు. డెబ్బై ఐదు రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. కొన్ని రోజుల్లో మారుతుందని చెప్పింది ఆ అమ్మాయి. బయటికొచ్చాక, మడిచి తెచ్చిన రెండు ఐదొందల కాగితాలు మనవరాలికిచ్చి, పేరు మారాకే కట్టమన్నాను, ముందు కాదన్నాను. అది ఆఫీసుకని ఆదిత్యపూర్ వైపు వెళ్లిపోయింది. వాన పెరిగింది. ఆటో ఆపాను. ఇరవై అన్నాడు. ఎక్కి కూర్చున్నాను.