పచ్చసొనలోకి దిగిన భయం

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, వరంగల్‌లో బీఎస్సీ జువాలజీ చదివేవాడికి తెలియనిదంటూ ఉండదని నా నమ్మకం. (ఆ పాఠాలే ముప్పై ఏళ్లు చెప్పీ చెప్పీ అలసిపోయాక, నాకు తెలిసింది ఎంత తక్కువో చెప్పే ఓపిక కూడా లేదు.) సెలవులకు నెక్కొండ దగ్గరి మా ఊరికి వెళితే, నాయనమ్మ తన పెట్టను చూపించి, "గుడ్లు పెడ్తాంది బిడ్డా, జర దాన్ని బెదిరియ్యకు. తల్లి బెదిరితే పిల్లలు పిరికియైతయి" అంది. కోతల పండుగకు చర్చిలో కానుకిచ్చే పుంజు ఆ గుడ్ల నుంచే రావాలి. ఊళ్లో అందరి పుంజులకంటే తనదే మేలనిపించుకోవడం ఆవిడకు ఏడాదికోసారి దక్కే ఒకే ఒక్క గొప్ప.

నేను ఊరుకుంటానా? "గుడ్డుకు పెంకున్నది గదనే నాయినమ్మా, భయం లోపటికెట్ల పోతది?" అని నవ్వాను. అది రుజువు చేయడానికి పది రోజులపాటు, ఆవిడ పొలానికి వెళ్లగానే, పళ్లెం మోగిస్తూ ఆ పెట్టను పెరడంతా తరిమాను. పిల్లలు తల్లిని చూసి భయం నేర్చుకున్నాయనే వీలు లేకుండా, నాయనమ్మను ఒప్పించి ఆ గుడ్లను చిన్నమ్మ వాళ్ల కోడి కింద పొదగేయించాను. (అది పక్కన పిడుగు పడ్డా లేచే రకం కాదు.)

పిల్లలైతే అయ్యాయి. కాకి నీడ పడితే చాలు, వడ్ల గుమ్మి కిందికి దూరేవి. మేతకు కూడా బయటికి రాక బక్కచిక్కిపోయాయి. పండుగనాడు వాటిలోనే కాస్త నయమైన పుంజును నాయనమ్మ చంకన పెట్టుకుని చర్చికి తెచ్చింది. డోలక్ మోగగానే అది ఎగిరి పాస్టరయ్యగారి తెల్లంగీ కిందికి దూరి, ప్రార్థన అయ్యేదాకా రాలేదు. చర్చంతా ఒకటే నవ్వు. "గీసారి నీ పుంజు గింత పిరికిదైందేందమ్మా?" అని అయ్యగారు అడిగారు. నాయనమ్మ తల వంచుకుని, "మేత సక్కగ ఏసినట్టు లేనయ్యా, తప్పు నాదే" అంది. నేను పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

చాలా ఏళ్లకు, లెక్చరర్‌నయ్యాక, ఒక పత్రికలో చదివాను. తల్లి పక్షి ఒంట్లోని హార్మోన్లు గుడ్డు పచ్చసొనలోకి చేరతాయట. తల్లి బెదురుతూ బతికితే ఆ తేడా పిల్లల ఎదుగుదలలో, ధైర్యంలో కనిపించవచ్చట. (ఒక్క పెట్టతో ఏదీ రుజువు కాదు, నిజమే. నా సిగ్గుకు మాత్రం అది చాలింది.) అప్పటికే నాయనమ్మ, తన మేతదే తప్పనుకుంటూనే, కన్నుమూసింది. ఆవిడకు చెప్పలేనిది రిటైరయ్యేదాకా ఏటా తరగతికి చెప్పుకున్నాను. పిల్లలు పగలబడి నవ్వేవారు. ఒకమ్మాయి మాత్రం, "అప్పుడే చెప్తే ఏమైతుండె సార్?" అని అడిగింది. ఏమయ్యేది? రెండు తిట్లు తిట్టి అన్నం పెట్టేది. ఆ రెండు తిట్లకు జడిసిన కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు కోపం కూడా రాదు, అలసటగా నవ్వొస్తుంది.