ప్రభువు నుదురు

ఐర్లండులో నాలుగు కోటల ఏలిక అయినా, మేల్మోరా ప్రభువు ప్రతి ఉదయం తనను పెంచిన దాది సైవ్ పొయ్యి దగ్గరే కూర్చుని రొట్టె మజ్జిగలో ముంచుకు తినేవాడు. కళ్లమీద పడే అతని జుట్టును ఆమే దువ్వేది. ఒకనాడు లండన్ రాణి దూత అక్కడికే వచ్చి, “రాణికి విధేయతగా ఈ ఐరిష్ జుట్టు కత్తిరించుకుంటే మీకు బిరుదు, లేకుంటే యుద్ధం,” అన్నాడు. ప్రభువు యుద్ధమే కానిమ్మన్నాడు. అసలు కారణం వేరే ఉంది. ఆరేళ్ల వయసులో అతను, సైవ్ కునుకు తీస్తుండగా, పొయ్యిరాయి మీద పడి నుదురు చీరుకున్నాడు. ఆమెను పనిలోంచి తీసేస్తారని భయపడి ఆ గాయాన్ని జుట్టు కింద దాచాడు. మచ్చ కనిపిస్తే ఆమె ఇప్పటికీ కుమిలిపోతుందని అతని బెంగ.

సైవ్ కత్తెర అందుకుంది. “ఆ మచ్చ నాకు తెలియదనుకున్నావురా? నలభై ఏళ్లుగా దువ్వుతున్నదాన్ని. తల వంచు.”

ప్రభువు పగలబడి నవ్వుతూ ఆమె ఒడిలో తల పెట్టాడు.