పేగులో మెరిసిన చుక్క

జ్వరమొచ్చినప్పటి నుంచి నాలుగేళ్ల మా బాబుకు పెరుగన్నమే పెడుతున్నాను. అయినా ఆ ఉదయం వాడి విరేచనం తారులా నల్లగా ఉండటం చూసి, వాడిని ఎత్తుకుని ఆసుపత్రికి బయలుదేరాను.

"సంగటి తినే బిడ్డకు నల్లగా కాక తెల్లగా పోతాదా? సదువుకున్నోళ్లకు అన్నీ బయాలే" అని, అంతకుముందు వాడికి నల్లగా పోయినప్పుడల్లా మా అత్త నవ్వేది. మా పుంగనూరులో అందరూ అనే మాటే అది. కానీ ఇప్పుడు వాడి కడుపులో రాగి సంగటి లేదు.

అది పేగులో కారి నల్లబడిన రక్తమని మదనపల్లె డాక్టరు చెప్పి, బెంగుళూరు పంపించాడు. అక్కడ ఎక్స్‌రేలో ఏమీ దొరకలేదు. అప్పుడు వాడి నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి, పొట్టకెదురుగా పెద్ద కెమెరా ఉంచారు. జీర్ణాశయపు పొర ఎక్కడుంటే ఆ మందు అక్కడికి చేరుతుందట. తెర మీద జీర్ణాశయం మెరిసింది. కాసేపటికి బాగా కింద, బొడ్డు పక్కన, ఇంకో చుక్క మెరిసింది. పుట్టుకతోనే పేగులో పెరిగిన జీర్ణాశయపు పొరే అది; ఆమ్లం కారుస్తూ పేగును పుండు చేస్తోంది. మర్నాడే ఆపరేషన్ అన్నారు.

నా భయం తగ్గలేదు గానీ, దానికి ఒక చోటు దొరికింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలో బాబునూ వాడి అక్కనూ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"నాయనా, నీ పేగులో ఇంకో చిన్న కడుపుండాది. డాక్టరు దాన్ని చూసినాడు."

"దానికీ ఆకలైతాదా మా?" అంది కూతురు.

"అయితాది. తినేదానికేమీ లేక తమ్ముడి పేగును కొరుకుతాండాది. నిద్రపుచ్చి తీసేస్తారు. లేచేతలికి నేను ఈడే ఉంటా" అని చెప్పాను.